చెయ్యి మొలిచిన కిరీటం

సోడియం అయాన్‌ని పట్టుకోవడం రసాయన శాస్త్రజ్ఞులకు చాలాకాలం కొరకరాని కొయ్యగానే ఉండిపోయింది. రాగి, నికెల్, కోబాల్ట్ లాంటి లోహాలతో ఆ చిక్కు లేదు. వాటి అయాన్లు ఎదురుపడ్డ నైట్రోజన్‌తోనో ఆక్సిజన్‌తోనో ఇట్టే జతకట్టి రంగురంగుల సంయోగాలు తయారుచేస్తాయి. మైలుతుత్తం కరిగిన నీళ్లలో అమ్మోనియా కలుపుతూ పోతే ముదురు నీలం రంగు రావడం ఇంటర్మీడియట్ ల్యాబ్‌లో చాలామంది చూసిందే. సోడియం, పొటాషియం అలా కాదు. బయటి కక్ష్యలో ఉన్న ఒక్క ఎలక్ట్రాన్‌నీ వదిలేశాక వాటి కక్ష్యలు నిండుగా ఉంటాయి, ఇంకెవరితోనూ వాటికి పనుండదు. నీళ్లలో ఉంటే నీటి అణువులు చుట్టూ మూగుతాయి, అంతవరకే. విద్యుదావేశం లేని మామూలు కర్బన అణువు ఏదీ ఈ అయాన్లని గట్టిగా పట్టుకోలేదన్నది 1960ల తొలినాళ్ల దాకా అందరూ నమ్మిన మాట.

అయితే మన ఒంట్లో జరిగేది వేరు. ప్రతి కణమూ పొటాషియాన్ని ఎక్కువగా లోపల ఉంచుకుంటుంది, సోడియాన్ని బయటికి నెడుతుంది. ఈ రెంటికీ తేడా కణానికి తెలియకపోతే నరం పలకదు, గుండె కొట్టుకోదు. జీవం ఎప్పటినుంచో చేస్తున్న ఈ పనిని గాజు ఫ్లాస్కులో చేసి చూపించిన మనిషి విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు, ఆయనకు పీహెచ్‌డీ కూడా లేదు.

చార్లెస్ పెడర్సన్ 1904 అక్టోబరు 3న కొరియాలోని బూసాన్‌లో పుట్టాడు. తండ్రి నార్వే నుంచి వచ్చిన మెరైన్ ఇంజనీరు, తల్లి జపాన్ స్త్రీ. తండ్రి ఉద్యోగరీత్యా కొరియా ఉత్తర భాగంలోని ఉన్సాన్ బంగారు గనుల దగ్గర బాల్యం గడిచింది. ఎనిమిదో ఏట చదువుకోసం జపాన్ పంపారు, ముందు నాగసాకికి, తరవాత యోకొహామాకి. అక్కణ్ణించి అమెరికా వెళ్లి డేటన్ విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజనీరింగ్, ఎంఐటీలో కర్బన రసాయన శాస్త్రం చదివాడు. పీహెచ్‌డీకి ఉండిపొమ్మన్న సలహా వచ్చినా, ఇంకా తండ్రి డబ్బు మీద ఆధారపడటం ఇష్టంలేక 1927లో డ్యూపాంట్ కంపెనీలో చేరాడు. 1969లో పదవీ విరమణ దాకా ఆయన పనిచేసింది ఆ ఒక్క కంపెనీలోనే.

కంపెనీలో ఆయనకు మొదట పేరు తెచ్చిన పని కూడా లోహాలకు సంబంధించినదే. పెట్రోలు, నూనెల్లో లేశమాత్రంగా కలిసే రాగి వాటిని త్వరగా పాడుచేస్తుంది. ఆ రాగిని నాలుగువైపుల నుంచీ చుట్టేసి పనిచెయ్యకుండా ఆపే పదార్థాలని పెడర్సన్ కనిపెట్టాడు. లోహాన్ని అణువు ఎలా చుట్టుకుంటుందన్న ఆలోచన అలా ఏళ్ల తరబడి ఆయన బుర్రలో నలిగింది. 1961లో తన వేలికొసకు తగిలినదాన్ని ఆయన గుర్తుపట్టగలగడానికి ఇదే కారణమని నేననుకుంటాను. అదృష్టం అని తేల్చెయ్యడం అన్యాయం.

అప్పటికి ఆయన డెలావేర్ రాష్ట్రం విల్మింగ్టన్‌లోని డ్యూపాంట్ పరిశోధన కేంద్రంలో ఉన్నాడు. రబ్బరు లాంటి పాలిమర్ల తయారీకి ఉత్ప్రేరకాలుగా పనికొచ్చే వనేడియం సంయోగాల మీద దృష్టి. వనేడియాన్ని చుట్టుకోవడానికి రెండు చివర్లా ఫీనాల్ ఉన్న పొడవాటి అణువు ఒకటి కావాలి. దానికి ముడిసరుకు కాటెకాల్. కాటెకాల్‌లో రెండు హైడ్రాక్సిల్ సమూహాలుంటాయి. ఒకదాన్ని మూసేసి, రెండోదాన్ని మాత్రమే చర్యకు వదలాలి. అలా మూసినప్పుడు సుమారు పది శాతం కాటెకాల్ మూతపడకుండా మిగిలిపోయింది. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసే, శుద్ధి చెయ్యకుండానే ముందుకి వెళ్లాడు.

చర్య ముగిశాక ఫ్లాస్కులో మిగిలింది చూడబుద్ధి కాని జిగురు ముద్ద. దాన్ని శుద్ధి చేస్తుండగా అడుగున కొద్దిపాటి తెల్లటి స్ఫటికాలు కనిపించాయి. పట్టుపోగుల్లా మెరుస్తున్న నార లాంటి స్ఫటికాలు. దిగుబడి 0.4 శాతం. కావలసిన పదార్థం కాదు, చెత్తబుట్టలో వేసినా ఎవరూ అడగరు. పెడర్సన్ పారెయ్యలేదు. మిథనాల్‌లో వేస్తే సరిగా కరగలేదు. ఫీనాల్ అయితే క్షారంలో కరగాలి కదా అని కాస్త సోడియం హైడ్రాక్సైడ్ కలిపాడు. కరిగింది. కానీ అతినీలలోహిత వర్ణపటం చూస్తే ఫీనాల్ క్షారంతో చర్య జరిపినప్పుడు రావలసిన మార్పు రాలేదు, వేరే చిన్న మార్పేదో వచ్చింది. అంటే కరిగించింది క్షారగుణం కాదు. క్షారం కాని మామూలు సోడియం లవణం ఒకటి కలిపి చూశాడు. అప్పుడూ అలాగే కరిగింది. కరిగిస్తున్నది సోడియమే.

విశ్లేషణలో వచ్చిన సూత్రానికి తొమ్మిది పరమాణువుల వలయం సరిపోతుంది. కానీ అణుభారం కొలిస్తే సరిగ్గా రెట్టింపు. పద్దెనిమిది పరమాణువుల వలయం, అందులో సమదూరాల్లో ఆరు ఆక్సిజన్లు! మూతపడని ఆ పది శాతం కాటెకాల్ రెండు చివర్లూ కలుపుకుని గుండ్రంగా మూసుకుపోయిందన్నమాట. నమూనా కట్టి చూస్తే మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలో సోడియం అయాన్ కూర్చుంది. ఆక్సిజన్ల మీది స్వల్ప రుణావేశం దాన్ని అన్నివైపుల నుంచీ ఆకర్షిస్తోంది. పై నుంచి చూస్తే అయాన్ తలకు కిరీటం పెట్టినట్టుంది కాబట్టి ఈ జాతికి క్రౌన్ ఈథర్లని పేరు పెట్టాడు. పేరులో ముందుండే అంకె వలయంలోని పరమాణువులది, వెనకుండేది ఆక్సిజన్లది. ఆయన మొదట చూసింది డైబెంజో-18-క్రౌన్-6.

ఆ తరవాత ఆయన వరసగా అరవై దాకా ఇలాంటి వలయాలు తయారుచేసి 1967లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో పెద్ద వ్యాసం ప్రచురించాడు. పొటాషియం పర్మాంగనేట్ బెంజీన్‌లో కరగదు. కాస్త క్రౌన్ ఈథర్ వేస్తే బెంజీన్ ఊదారంగుకి మారుతుంది. పొటాషియం వలయంలో దాక్కుని కర్బన ద్రావణిలోకి వచ్చేస్తే, పర్మాంగనేట్ దాని వెంటే రాక తప్పదు. ఆ రోజుల్లో ఈ రంగు చూసినవాళ్లు నోరు వెళ్లబెట్టారంటే ఆశ్చర్యం లేదు.

తీగ లాగితే డొంకంతా కదిలింది. స్ట్రాస్‌బర్గ్‌లో జాన్-మరీ లెన్ నరాల్లో అయాన్ల రాకపోకల గురించి ఆలోచిస్తున్నాడు. చదునైన వలయం అయాన్‌ని నడుముచుట్టూ మాత్రమే పట్టుకుంటుంది, పైనా కిందా ఖాళీయే. వలయంలో రెండు నైట్రోజన్లు పెట్టి, వాటి మధ్య మూడో వంతెన కట్టి అన్నివైపులా మూసి ఉన్న పంజరం తయారుచేస్తే? 1969లో ఆయన బృందం ఆ పని చేసింది. వాటిని క్రిప్టాండ్లు అన్నారు. 2.2.2 అనే క్రిప్టాండ్ మిథనాల్‌లో పొటాషియాన్ని 18-క్రౌన్-6 కన్నా సుమారు పదివేల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. ఇవాళ పెద్దాసుపత్రుల్లో క్యాన్సర్ రోగులకు చేసే పెట్ స్కాన్‌కి వాడే రేడియోధార్మిక గ్లూకోజు తయారీలో ఈ క్రిప్టాండే పనిచేస్తుంది. పొటాషియాన్ని లోపల బంధించేసి ఫ్లోరైడ్‌కి చర్య జరిపే స్వేచ్ఛ ఇస్తుంది. లాస్ ఏంజిలిస్‌లో డొనాల్డ్ క్రామ్ ఇంకా బిగుసైన గోళాకారపు అణువులు కట్టాడు. 1987లో నోబెల్ బహుమతి ముగ్గురికీ కలిపి వచ్చింది. అప్పటికి పెడర్సన్‌కి 83 ఏళ్లు, ఆరోగ్యం బాగాలేదు. రెండేళ్లకే, 1989 అక్టోబరులో పోయాడు.

తెలుగులో ఈ కథ ఎవరు రాసినా సాధారణంగా ఇక్కడే ఆపేస్తారు. నా దృష్టిలో అసలు రుచి ఇక్కణ్ణించే.

క్రౌన్ ఈథర్ పట్టు ఒక మోస్తరుది, విడుపు మాత్రం చాలా చురుకు. అయాన్ వస్తుంది, పోతుంది. క్రిప్టాండ్ పట్టు ఉడుంపట్టు, విడుపు లేదు. జీవకణంలో అయాన్లని మోసే అణువులు ఈ రెండూ చెయ్యగలవు. వాలినోమైసిన్ అనే సహజ యాంటీబయాటిక్‌నే తీసుకోండి. 36 పరమాణువుల పెద్ద వలయం పొటాషియం దొరగ్గానే ముడుచుకుని ఆరు ఆక్సిజన్లతో అన్నివైపులా కప్పేస్తుంది, పొర దాటాక విప్పుకుని వదిలేస్తుంది. సోడియం కన్నా పొటాషియాన్ని వేల రెట్లు ఇష్టపడుతుంది. పంజరంలా కప్పాలి, వలయంలా వదలాలి. పట్టూ విడుపూ రెండూ తెలిసిన అణువుని మనిషి చెయ్యగలడా?

జార్జ్ గోకెల్ పట్టుకున్న ప్రశ్న ఇది. క్రామ్ ప్రయోగశాలలో పనిచేసి వచ్చిన ఆయన 1970ల చివర మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆయన ఆలోచన సూటిగా ఉంది. పంజరానికి మూడో వంతెన రెండు చివర్లా బిగించి ఉంటుంది, అందుకే విడుపు కష్టం. ఆ వంతెనని ఒక చివరే వలయానికి అతికించి, రెండో చివర వదిలేస్తే? అప్పుడది వంతెన కాదు, చెయ్యి. చేతి కొసన ఒక ఆక్సిజన్ పెడితే, అయాన్ వలయంలో కూర్చోగానే చెయ్యి పైనుంచి వంగి పట్టుకుంటుంది. వదలాలంటే చెయ్యి తీస్తే చాలు. నమూనా చూస్తే అమెరికా పశువుల కాపరులు గుర్రం మీంచి విసిరే ఉచ్చుతాడులా ఉంది, గుండ్రటి ఉచ్చు, దానికొక తోక. ఆ తాడు పేరే పెట్టి లారియట్ ఈథర్లు అన్నారు. మొదటి వ్యాసం 1980లో వచ్చింది.

ఆలోచన అందంగా ఉంటే సరిపోదు, చెయ్యి నిజంగా పట్టుకుంటోందని రుజువు కావాలి. ఆ రుజువు చేసిన తీరు నాకు చాలా ఇష్టం. 15-క్రౌన్-5 వలయానికి చేతిగా ఒక బెంజీన్ వలయం తగిలించారు. దాని మీద ఒక మిథాక్సీ సమూహం, అంటే ఒక ఆక్సిజన్, ఒక మిథైల్. ఒక అణువులో మిథాక్సీని ఆర్థో స్థానంలో, అంటే చెయ్యి అతికిన చోటుకి పక్కనే ఉంచారు. రెండోదాంట్లో పారా స్థానంలో, అంటే అటు చివర ఉంచారు. రెండు అణువుల్లోనూ పరమాణువులు ఒకటే, బరువు ఒకటే, నూనెల్లో కరిగే గుణం దాదాపు ఒకటే. తేడా ఒక్కటే, ఆర్థో ఆక్సిజన్ వలయం మీదికి వంగగలదు, పారా ఆక్సిజన్ ఎంత వంగినా అందదు.

ఇప్పుడు పరీక్ష. పసుపుపచ్చ సోడియం పిక్రేట్ నీళ్లలో కరిగి ఉంటుంది. దాని కింద బరువైన డైక్లోరోమిథేన్ పొర, రంగు లేకుండా. ఈథర్ వేసి గట్టిగా కుదిపి నిలబెడితే, ఎంత సోడియాన్ని ఈథర్ పట్టుకుంటే అంత పసుపు కింది పొరలోకి దిగుతుంది. రంగు కొలిస్తే పట్టు తెలుస్తుంది. ఆర్థో అణువు ఎక్కువ సోడియాన్ని లాగింది, పారా వెనకబడింది. ఆ తేడాకి చేతి చివరి ఆక్సిజన్ తప్ప వేరే కారణం లేదు.

ఈ మొదటి తరంలో చెయ్యి వలయంలోని కార్బన్‌కి అతికి ఉండేది. కార్బన్ దగ్గర చెయ్యి ఒక పక్కకే తిరిగి ఉంటుంది. అయాన్ రెండో పక్కన ఉంటే చేతికి పనిలేదు. జపాన్‌లో ఒసాకా విశ్వవిద్యాలయంలో ఒకహారా, నకత్సుజి ఇదే దారిలో పనిచేస్తూ, చెయ్యి అతికిన కార్బన్ మీద ఒక మిథైల్ పెట్టి చెయ్యి వలయం మీదికే వాలేలా చేశారు. గోకెల్ బృందం ఇంకో దారి పట్టింది. వలయంలో ఒక ఆక్సిజన్ తీసేసి నైట్రోజన్ పెట్టి, చేతిని దానికి అతికించింది. నైట్రోజన్ క్షణాల్లో ఇటూ అటూ తిరగబడుతుంది, కాబట్టి చెయ్యి ఏ పక్క అవసరమైతే ఆ పక్కకి వస్తుంది. తయారీ కూడా సులువు.

కొలిచే పద్ధతి కూడా మార్చారు. రెండు పొరల పరీక్షలో ఉప్పు ఎంత వేశారు, ద్రావణి ఏది అన్నదాన్నిబట్టి ఫలితం మారిపోతుంది. అందుకని అన్నీ ఒకే ద్రావణిలో, నీరు లేని మిథనాల్‌లో, సోడియాన్ని మాత్రమే గుర్తించే ఎలక్ట్రోడ్ ముంచి, పట్టు ఎంతో చెప్పే స్థిరాంకాలు కొలవడం మొదలెట్టారు. వాటిని సంవర్గమానాల్లో రాస్తారు, అంకె ఒకటి పెరిగితే పట్టు పదిరెట్లన్నమాట.

15 పరమాణువుల వలయం, ఒక నైట్రోజన్, నాలుగు ఆక్సిజన్లు. చేతిలో ఒక ఆక్సిజన్ ఉంటే సోడియం మీద పట్టు 3.88. రెండుంటే 4.54. మూడుంటే 4.32. చెయ్యి ఇంకా పొడుగైతే పట్టు ఇంకా తగ్గింది. అంటే నాలుగూ రెండూ ఆరు ఆక్సిజన్ల దగ్గర శిఖరం. 18 పరమాణువుల వలయంలో ఐదు ఆక్సిజన్లుంటే, చేతిలో ఒక్కటి చాలు, మళ్లీ ఆరు. వలయం ఎంత పెద్దదన్నది కాదు, వలయంలోనూ చేతిలోనూ కలిపి ఎన్ని ఆక్సిజన్లు సోడియం చుట్టూ చేరగలవన్నది లెక్క.

ఈ అంకెలు ఒక పెద్ద నమ్మకాన్ని కదిలించాయి. పెడర్సన్ కాలం నుంచీ పాఠ్యపుస్తకాల్లో ఒక పట్టిక ఉంటుంది. 12-క్రౌన్-4 రంధ్రం 1.2 నుంచి 1.5 ఆంగ్‌స్ట్రాములు, లిథియానికి సరి. 15-క్రౌన్-5 రంధ్రం 1.7 నుంచి 2.2, సోడియానికి సరి. 18-క్రౌన్-6 రంధ్రం 2.6 నుంచి 3.2, పొటాషియానికి సరి. చూడ్డానికి ఎంతో సుఖంగా ఉంది, పరీక్షలో అడగడానికి ఇంకా సుఖం. 1983లో గోకెల్, గోలి, మింగాంటీ, ఎచెగోయెన్ కలిసి చేతుల్లేని మామూలు క్రౌన్ ఈథర్లనే ఒకే ద్రావణిలో, ఒకే పద్ధతిలో కొలిచారు. సోడియం మీద 15-క్రౌన్-5 పట్టు 3.24. 18-క్రౌన్-6 పట్టు 4.35. సోడియానికి కొలిచి కుట్టినట్టు సరిపోతుందన్న వలయం కన్నా, వదులుగా ఉందన్న వలయమే సోడియాన్ని పన్నెండు పదమూడు రెట్లు గట్టిగా పట్టుకుంటోంది! పైగా 15-క్రౌన్-5కి కూడా సోడియం కన్నా పొటాషియం మీదే కాస్త మోజెక్కువ, 3.43. వాళ్లు చూసిన వలయాల్లో సోడియం, పొటాషియం, అమ్మోనియం, కాల్షియం నాలుగింటినీ అన్నిటికన్నా బాగా పట్టింది 18-క్రౌన్-6.

కారణం వెతకడం కష్టం కాదు. ఈ వలయాలు ఉక్కు కడియాలు కావు, మెలికలు తిరుగుతాయి, ముడుచుకుంటాయి. పెద్ద వలయం చిన్న అయాన్ చుట్టూ కాస్త ముడుచుకుని ఆరు ఆక్సిజన్లనీ దగ్గర చేర్చగలదు. ఐదు ఆక్సిజన్లున్న వలయం ఎంత చక్కగా సరిపోయినా ఆరోదాన్ని ఎక్కణ్ణించి తేగలదు? రంధ్రం కొలత నియమం పూర్తిగా అబద్ధమేమీ కాదు. బిగుసుకున్న క్రిప్టాండ్ పంజరాల్లో అది బాగా నిలబడుతుంది, 2.1.1 లిథియానికి, 2.2.1 సోడియానికి, 2.2.2 పొటాషియానికి. మెత్తటి వలయాల దగ్గరికి వచ్చేసరికి చెల్లదు. మరోమాట చూడండి. ఆ 15 పరమాణువుల చిన్న వలయానికి సరైన చెయ్యి మొలిస్తే 4.54. పేరుమోసిన 18-క్రౌన్-6ని సోడియం విషయంలో దాటేసింది.

ఒక చెయ్యి ఇంత చేస్తే రెండు? 18 పరమాణువుల వలయంలో ఎదురెదురుగా రెండు నైట్రోజన్లు, రెంటికీ ఒక్కో చెయ్యి. 1984లో గాట్టో, గోకెల్ వీటిని ఒకే మెట్టులో తయారుచేసే మార్గం కనిపెట్టారు. ఒక అమైన్, ఒక డైఅయొడైడ్ కలిపి వేడిచేస్తే వలయమూ చేతులూ కలిసే వస్తాయి. చేతుల చివర ఎస్టర్ సమూహాలుంటే, వాటి కార్బొనిల్ ఆక్సిజన్లు రెండు ధనావేశాలున్న కాల్షియాన్ని సోడియం, పొటాషియంల కన్నా ముందు పట్టుకున్నాయి. లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం స్ఫటిక శాస్త్రజ్ఞులు ఎక్స్-కిరణాలతో తీసిన చిత్రాల్లో చేతులు వలయం మీదికి వంగి, కొస ఆక్సిజన్ అయాన్‌ని తాకుతూ స్పష్టంగా కనిపించింది. ద్రావణంలో కొలిచిన అంకెకీ, స్ఫటికంలో కంటికి కనిపించినదానికీ సాక్ష్యం కుదిరింది.

చేతిలో ఏం పెడతామన్నది ఇక మన ఇష్టం. ఎచెగోయెన్‌తో కలిసి నైట్రోబెంజీన్ చేతులు చేశారు. విద్యుత్తుతో దానికి ఒక ఎలక్ట్రాన్ ఇస్తే నైట్రో సమూహం రుణావేశం పుంజుకుని సోడియాన్ని చాలా గట్టిగా పట్టుకుంటుంది. ఆ ఎలక్ట్రాన్ తీసేస్తే వదులుతుంది. పట్టూ విడుపూ మీటతో నడిచే స్థితికి వచ్చాయి. మూడు వలయాల్ని పొడవాటి కర్బన గొలుసులతో కలిపి కణపొరకి అడ్డంగా నిలబడే సోడియం మార్గాలు కూడా గోకెల్ తయారుచేశాడు. వాటి కథ వేరే చెప్పుకోవలసినంత ఉంది.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది 1999 నుంచి గోకెల్ బృందం చేసిన పని. మన ప్రోటీన్లలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కొసన ఇండోల్ ఉంటుంది. ఇండోల్‌లో ఆక్సిజన్ లేదు. రెండు చేతుల చివరా ఇండోల్ పెట్టి పొటాషియం ఇచ్చి స్ఫటికం తీశారు. రెండు చేతులూ పైనించి ఒకటి కిందినించి ఒకటి వంగి పొటాషియాన్ని మధ్యలో పెట్టుకున్నాయి! ఇండోల్ పలకల మీద మేఘంలా పరుచుకున్న ఎలక్ట్రాన్లే పొటాషియాన్ని ఆకర్షించాయి. ఇండోల్ బదులు ఫ్లోరిన్లు నింపిన బెంజీన్ పెడితే ఆ ఎలక్ట్రాన్ మేఘం పలచబడుతుంది, చేతులు అయాన్ జోలికే రాలేదు. ప్రోటీన్లు పొటాషియాన్ని ఇలా కూడా పట్టుకోగలవా అని జీవరసాయన శాస్త్రజ్ఞులు వాదించుకుంటున్న ప్రశ్నకి ఈ చిన్న అణువు కళ్లకు కట్టే జవాబిచ్చింది.

ఇక ఉపయోగాల సంగతి. 1989లో బర్క్‌లీలో అక్వాసి మింటా, రోజర్ ట్సియెన్ బతికున్న కణం లోపల సోడియం ఎంతుందో చూపించే రంగు పదార్థం ఎస్‌బీఎఫ్ఐని తయారుచేశారు. 15 పరమాణువుల వలయం, రెండు నైట్రోజన్లు, రెండు చేతులు. చేతులే అతినీలలోహిత కాంతి పడితే వెలుగు చిమ్మే భాగాలు. వాటి మీది మిథాక్సీ ఆక్సిజన్లు సోడియాన్ని పట్టుకోవడానికి సాయం చేస్తాయి. సోడియం చిక్కగానే వెలుగు మారుతుంది. గుండె కణం ఒక్కసారి ముడుచుకుంటే లోపల సోడియం ఏమవుతోందో సూక్ష్మదర్శినిలో చూసే వీలు దీనితో వచ్చింది. ట్సియెన్‌కి 2008లో నోబెల్ వచ్చింది వేరే పనికి.

రక్తంలో సోడియం కొలవడం ఇంకో రకం సవాలు. మన రక్తంలో సోడియం లీటరుకి 135 నుంచి 145 మిల్లీమోల్‌ల మధ్య ఉండాలి. అంత ఎక్కువ సోడియం ఉన్నచోట ఉడుంపట్టు అణువు దేనికీ పనికిరాదు, మొదటి క్షణంలోనే నిండిపోయి 130కీ 150కీ తేడా చెప్పలేదు. సగం నిండి సగం ఖాళీగా ఉండేంత మెత్తని పట్టు కావాలి, పక్కనున్న పొటాషియాన్ని మాత్రం ముట్టకూడదు. బెల్‌ఫాస్ట్‌లో పనిచేసే శ్రీలంక శాస్త్రజ్ఞుడు ప్రసన్న డి సిల్వా బృందం 1990ల మధ్యలో ఎంచుకున్న అణువు ఏదో తెలుసా? నైట్రోజన్ ఉన్న 15 పరమాణువుల వలయం, దానికి చేతిగా బెంజీన్, ఆ బెంజీన్ మీద ఆర్థో స్థానంలో ఒక మిథాక్సీ. అలాంటి అణువు తరవాత మంచం పక్కన పెట్టి వాడే చిన్న రక్తపరీక్ష పరికరాల్లోకి చేరింది.

చేతుల గొప్పతనం చూడాలంటే క్రౌన్ ఈథర్ల గడప దాటి పక్కింటికి కూడా వెళ్లాలి. ఎమ్మారై స్కాన్‌కి ముందు కొందరు రోగులకు గాడోలినియం ఇంజెక్షన్ ఇస్తారు. గాడోలినియం అయాన్ విడిగా ఉంటే విషం. దాన్ని ఒంట్లో తిరిగినంతసేపూ వదలకుండా పట్టుకునే అణువుల్లో ముఖ్యమైనది డోటా. జర్మనీలో స్టెటర్, ఫ్రాంక్ 1976లోనే దీన్ని ప్రకటించారు. 12 పరమాణువుల వలయం, ఆక్సిజన్ల బదులు నాలుగు నైట్రోజన్లు, ప్రతి నైట్రోజన్‌కీ ఒక ఎసిటేట్ చెయ్యి. నాలుగు నైట్రోజన్లు కింది నుంచి, నాలుగు చేతుల ఆక్సిజన్లు పై నుంచి, ఎనిమిది చోట్ల పట్టు. తొమ్మిదో చోటు ఒక నీటి అణువుకి వదిలారు, స్కాన్‌లో మెరుపు తెచ్చేది ఆ నీరే. వలయం లేకుండా ఉత్త చేతులతో చుట్టుకునే మందులు కూడా మార్కెట్లో ఉండేవి. కిడ్నీలు పనిచెయ్యని రోగుల్లో వాటిలో కొన్ని గాడోలినియాన్ని వదిలేయడం, చర్మం కొయ్యబారిపోయే జబ్బు రావడం 2006లో బయటపడింది. 2017లో ఐరోపా మందుల సంస్థ అలాంటి మందుల్లో చాలావాటిని ఆపేసింది. వలయమూ చేతులూ రెండూ ఉన్నవి వాడుకలో మిగిలాయి.

సోడియం సూచికకి విడుపు కావాలి, గాడోలినియం మందుకి విడుపు ఉండనే కూడదు. రెంటికీ దారి వలయానికి ఎలాంటి చెయ్యి పెట్టామన్నదాంట్లోనే ఉంది. పెడర్సన్ వలయాన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు, పెట్టుకోవాలి కూడా. చేతికి మాత్రం దానికి రావలసినంత పేరు రాలేదు.

కెమిస్ట్రీ చెప్పే లెక్చరర్లకి ఒక్క విన్నపం. రంధ్రం కొలతల పట్టిక పాఠంలో చెప్పండి, అది సబ్జెక్టులోకి తలుపు తెరుస్తుంది. అదే బోర్డు మీద దాని పక్కనే 3.24, 4.35, 4.54 అన్న మూడు అంకెలు కూడా రాయండి. సోడియం తనకి సరిపోయే వలయాన్ని వదిలి పెద్దదాన్ని ఎందుకు కోరుకుంది, చెయ్యి మొలిచిన చిన్న వలయం ఆ పెద్దదాన్ని ఎలా దాటింది అని పిల్లల్ని అడగండి. జవాబు వాళ్లనే వెతకనివ్వండి.